షేర్ మార్కెట్టు ఆప్షన్లు – గడువున్న బయానా

(2025 డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు పెనుకొండలో జరిగిన మన సంఘ సమావేశంలో ఎర్రమంచి సభ్యులు, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను ఎవరో దయదలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు హక్కుగా రావలసినదనీ ఆ తీర్పు సారాంశం. అందుకే ఈ రోజు మనకు పండుగ. అటువంటి రోజున పెన్షను డబ్బును ఎట్లా కాపాడుకోవాలో మాట్లాడుకోవడం సబబేనని అనుకుంటాను.

కార్యదర్శి గారు పదిహేను రోజుల కిందట మా ఇంటికి వచ్చి, "స్వామీ, ఈసారి మీరు షేర్ల ఆప్షన్ల మీద మాట్లాడాల. సభ్యులు చాలామంది అడుగుతున్నారు" అన్నారు. నేను ఆ విద్యలో పండితుణ్ణి కానని, దెబ్బతిన్నవాణ్ణని మనవి చేసుకున్నాను. "అందుకే మీరు మాట్లాడాల" అన్నారాయన. కాదనలేకపోయాను.

నా వయసు 73. 1975లో ఎల్.డి.సి.గా చేరి 2010లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ముప్పయి అయిదేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి కాబట్టి ఈ విషయాన్ని కూడా ఫైలు లాగానే వరుసగా చెబుతాను. తప్పులుంటే పెద్దమనసుతో క్షమించండి.

మన ఊరి బయానా

ఆప్షన్ అనే మాట కొత్తది గానీ, ఆ పని మనకు కొత్త కాదు. 2017 ఏప్రిల్ 27న కియా కంపెనీ వారు కార్ల ఫ్యాక్టరీ కోసం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. స్థలం మా ఎర్రమంచి. కొందరి భూములు సేకరణలో పోయాయి, పరిహారం వచ్చింది. మిగిలిన భూములకు ధరలు పెరగడం మొదలైంది. బెంగళూరు నుంచి, హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి కార్లలో మనుషులు దిగేవారు. టీ అంగడి బెంచీ మీదే అగ్రిమెంట్లు రాసుకునేవారు. గుమాస్తాగా పనిచేసినవాణ్ణని సాక్షి సంతకానికి నన్ను పిలిచేవారు.

లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను. ఎకరా 20 లక్షలకు మాట కుదిరింది. కొనేవాడు లక్ష రూపాయలు బయానా ఇచ్చాడు. మూడు నెలల్లో మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఈలోగా ఎకరా 30 లక్షలయింది. అతను భూమి కొననే అక్కరలేదు. ఆ అగ్రిమెంటునే ఇంకొకరికి చేయి మార్చి, లక్ష పెట్టి పది లక్షలు చేసుకున్నాడు. ధర పెరగకపోతే బయానా వదులుకుని వెళ్ళిపోయాడు. చట్టం దృష్టిలో అగ్రిమెంటు రాసినవాడు కొనడానికి కట్టుబడే ఉంటాడు గానీ, పల్లెల్లో జరిగేది ఇదే.

షేర్ మార్కెట్టులో కాల్ ఆప్షన్ అంటే ఇదే. ఫలానా షేరును ఫలానా ధరకు ఫలానా తేదీన కొనే హక్కు. కొనాలన్న నిర్బంధం లేదు. ఆ హక్కు కోసం ముందుగా కట్టే బయానాను ప్రీమియం అంటారు. కుదుర్చుకున్న ధరను స్ట్రైక్ ధర అంటారు. గడువు తేదీని ఎక్స్‌పైరీ అంటారు. ఒక్క షేరుకు ఆప్షన్ అమ్మరు, కొన్ని వందల షేర్లు కట్టగా ఇస్తారు. ఆ కట్టకు లాట్ అని పేరు.

తేడా ఒక్కటుంది, గుర్తు పెట్టుకోండి. భూమి బయానా మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆప్షన్ ప్రీమియం తగ్గించరు. అది హక్కు ఖరీదు. కట్టిన క్షణం నుంచి అది ఎదుటివాడిది.

ఇక పుట్ ఆప్షన్. ఇది అమ్మే హక్కు. వేరుశనగకు ప్రభుత్వం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. బజారులో ధర ఎక్కువుంటే రైతు బజారులో అమ్ముకుంటాడు. బజారు పడిపోయి, కొనుగోలు కేంద్రం తెరిచి ఉంటే అక్కడ అమ్ముకుంటాడు. పుట్ కూడా అటువంటి హక్కే. కాకపోతే మద్దతు ధరకు రైతు ప్రీమియం కట్టడు, ఇక్కడ కట్టాలి.

ఒక లెక్క

ఒక కంపెనీ షేరు 1,000 రూపాయలుంది అనుకుందాం. పెరుగుతుందని మీ నమ్మకం. 1,050 స్ట్రైక్ ధర గల కాల్ ఆప్షన్‌కు ప్రీమియం షేరుకు 20 రూపాయలు. లాట్ 500 షేర్లు. మీరు కట్టేది 10,000.

గడువు నాటికి షేరు 1,100 అయితే మీ హక్కు విలువ షేరుకు 50, మొత్తం 25,000. ఖర్చులు పక్కన పెడితే లాభం 15,000. షేరు 1,060 అయితే హక్కు విలువ 10, మొత్తం 5,000. అంటే షేరు పెరిగింది, మీ అంచనా నిజమైంది, అయినా మీకు 5,000 నష్టం. 1,070 దాటితే గానీ రూపాయి లాభం లేదు. షేరు 1,050 గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే మీ పదివేలూ పూర్తిగా పోయినట్లే.

కొత్తగా వచ్చేవారు మొదటి లెక్క మాత్రమే చూస్తారు. నేనూ అదే చూశాను.

కొన్నవాడికి నష్టం కట్టిన ప్రీమియంతో ఆగుతుంది. ఆప్షన్ అమ్మినవాడి సంగతి వేరు. "అమ్మితే నెలనెలా బయానాలు జేబులో పడతాయి" అని చెప్పేవారున్నారు. నిజమే, చాలా నెలలు పడతాయి. అయితే చేతిలో భూమి లేకుండానే ఎకరా 20 లక్షలకు ఇస్తానని లక్ష బయానా పుచ్చుకున్నవాణ్ణి ఊహించండి. ఎకరా 30 లక్షలయినా, 50 లక్షలయినా బజారులో కొని అతను అప్పగించవలసిందే. షేర్లు చేతిలో లేకుండా కాల్ ఆప్షన్ అమ్మినవాడి గతి అది. అతని నష్టానికి హద్దు లేదు. అందుకే అమ్మేవారి దగ్గర పెద్ద మొత్తం మార్జిన్ కట్టించుకుంటారు. మన వయసువారు ఆ వైపు చూడవద్దని నా మనవి.

క్యాజువల్ లీవు, ఆర్జిత సెలవు

షేరు కొనడానికి, ఆప్షన్ కొనడానికి తేడా ఏమిటని నా మిత్రుడొకరు అడిగారు. మన భాషలో చెప్పాను. షేరు ఆర్జిత సెలవు లాంటిది. ఖాతాలో నిలువ ఉంటుంది. ఆప్షన్ క్యాజువల్ లీవు లాంటిది. వాడుకోకపోతే డిసెంబరు 31 రాత్రికి రద్దు. జనవరి ఒకటిన ఆఫీసుకు వెళ్ళి, పోయిన ఏడాది మిగిలిన సెలవు ఇవ్వండని అడిగితే నవ్వుతారు.

పైగా ఆప్షన్ విలువ గడువు రోజున ఒక్కసారిగా పోదు. రోజూ కొంత కరుగుతుంది. షేరు ధర కదలకుండా ఉన్నా ప్రీమియం తగ్గుతూనే ఉంటుంది. చివరి వారంలో ఇంకా త్వరగా తగ్గుతుంది. గడువు ఎంత దగ్గరైతే ప్రీమియం అంత చవక. చవకగా ఉందని మనం కొంటాం. అది చవక కాదు, టైము అయిపోవచ్చిన సరుకు.

ఇంకొక సంగతి. బడ్జెట్టు, ఎన్నికల ఫలితాలు వంటి పెద్ద రోజుల ముందు ప్రీమియంలు మామూలు కన్నా బాగా పెరిగి ఉంటాయి. ఏమవుతుందో తెలియదు కాబట్టి అమ్మేవాడు ఎక్కువ అడుగుతాడు. ఫలితం తెలిసిపోగానే ఆ అదనపు ధర దిగిపోతుంది.

నా సొంత ఫైలు

2024 ఫిబ్రవరిలో మా మనవడు నా ఫోనులో డీమాట్ ఖాతా తెరిచిపెట్టాడు. ముందు నాలుగు షేర్లు కొన్నాను. తర్వాత నిఫ్టీ ఆప్షన్లు. నిఫ్టీ అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. అమెరికాలో చికాగోలో 1973 ఏప్రిల్ 26న ఆప్షన్ల ఎక్స్ఛేంజి మొదలైతే, మన దేశంలో నిఫ్టీ ఆప్షన్లు 2001 జూన్ 4న వచ్చాయి. ఆ తేదీ ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మొదటి నెల 2,000 వచ్చింది. రెండో నెల 3,500. నాకు తెలివి ఉందనుకున్నాను. సర్వీసులో ఉన్నంతకాలం 1964 నాటి ప్రవర్తనా నియమావళి మనల్ని స్పెక్యులేషన్ జోలికి పోవద్దంది. రిటైరైన తర్వాత ఆ నియమం లేదు. చేయి పట్టుకుని ఆపేవారూ లేరు.

ఇక్కడ నా చెల్లెలి సంగతి చెప్పాలి. ఆమెకు 66 ఏళ్ళు. భర్త లేడు. భూసేకరణలో ఆమె భాగం పోయింది. వచ్చిన పరిహారంలో బిడ్డ పెళ్ళి పోను నాలుగు లక్షలు మిగిలితే, "నీ దగ్గరే ఉండనీ అన్నా" అని నా ఖాతాలో వేయించింది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేస్తానని మాట ఇచ్చాను. ఈ నెల, వచ్చే నెల అంటూ వేయలేదు.

2024 జూన్ 3, సోమవారం. అంతకు ముందు శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. మార్కెట్టు ఒక్కరోజే మూడు శాతానికి పైగా ఎగిరింది. నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. ఫలితాలు మర్నాడు. ఇంకా పెరుగుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ గురువారం గడువు గల 23,500 కాల్ ఆప్షన్లు, 20 లాట్లు కొన్నాను. అప్పుడు లాట్ 25. మొత్తం 500. ఒక్కొక్కటి 240 చొప్పున 1,20,000 రూపాయలు. నా డబ్బు షేర్లలో ఉంది. ఇది చెల్లెలి డబ్బు. సాయంత్రానికి తిరిగి పెట్టేద్దామనుకున్నాను, పెట్టలేదు.

జూన్ 4న ఊరంతా టీవీల ముందు కూర్చుని అసెంబ్లీ ఫలితాలు చూస్తోంది. నేను మా ఇంటి వెనుక వేపచెట్టు కింద ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. 240 పెట్టి కొన్నదానికి పది రూపాయలు కూడా పలకలేదు. గురువారం గడువు ముగిసింది. సున్నా.

అసలు విచిత్రం ఇంకొకటి. ఆ జూన్ నెలాఖరుకే నిఫ్టీ 24,000 దాటింది. అంటే పెరుగుతుందన్న నా మాట నిజమే అయింది. షేర్లు అట్టిపెట్టుకున్నవారు ఆ నెలలోనే కోలుకున్నారు. నా క్యాజువల్ లీవు మాత్రం గురువారమే రద్దయిపోయింది.

నెల తిరక్కుండానే చెల్లెలు వచ్చింది. ఇంటి పైకప్పు కారుతోంది, 50,000 కావాలంది. ఇచ్చాను, మిగిలిన దాంట్లో ఉంది కాబట్టి. ఇచ్చి, చెప్పకుండా ఉండలేక అంతా చెప్పేశాను. ఆమె అరవలేదు. కాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "భూమి పొయ్యేటప్పుడు సర్కారోళ్ళు గూడా ముందుగా నోటీసు ఇచ్చినారు గదన్నా. నువ్వు అది గూడా ఇయ్యలేదే" అంది.

ముప్పయి అయిదేళ్ళలో ఎన్ని నోటీసులు నా చేత్తో రాశానో లెక్క లేదు. నాకు జవాబు లేకపోయింది.

సెబీ వారి లెక్క

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. మార్కెట్టును నియంత్రించే సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం ప్రకటించింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తులు కోటి మందికి పైగా ఉన్నారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. నష్టపోయినవారి సగటు నష్టం ఖర్చులతో కలిపి సుమారు 2 లక్షలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు నూటికి ఒక్కరు. ఈ హాలులో మనం వందమందిమి ఉన్నామనుకుంటే 93 మంది జేబులు తడుముకుంటూ ఇంటికి పోతాం.

2025 జూలైలో మళ్ళీ లెక్క ఇచ్చారు. 2024–25లో కూడా 91 శాతం మందికి నష్టమే. ఆ ఒక్క సంవత్సరం నికర నష్టం 1.05 లక్షల కోట్లు.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందంటారా? 2023–24లో లాభం పొందినవి ప్రధానంగా సొంత పెట్టుబడితో వ్యాపారం చేసే పెద్ద సంస్థలు, విదేశీ మదుపు సంస్థలు. వాటి లాభాల్లో 96, 97 శాతం కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా జరిపిన వ్యాపారం నుంచే వచ్చిందని సెబీ చెప్పింది. మనం కళ్ళజోడు తుడుచుకుని ధర చదివేలోగా ఆ యంత్రం కొనడం, అమ్మడం రెండూ అయిపోతాయి.

ఇది చూసే సెబీ 2024 అక్టోబరులో నిబంధనలు బిగించింది. సూచీల ఆప్షన్లలో కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు చేసింది. వారం గడువు ఆప్షన్లను ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేసింది.

అయినా మొదలుపెట్టాలంటే

వద్దంటే వినేవారు తక్కువ. నేనూ వినేవాణ్ణి కాదు. కాబట్టి దిగదలచుకున్నవారికి నాకు తోచిన పద్ధతి చెబుతాను.

ఒకటి. ముందు మూడు నెలలు కాగితం మీదే కొనండి. నోటు పుస్తకంలో తేదీ, స్ట్రైక్ ధర, ప్రీమియం, గడువు రాసుకుని, గడువు నాటికి ఏమైందో ఎదురుగా రాయండి. పుస్తకంలోనే నష్టం వస్తే ఫోనులో లాభం రాదు.

రెండు. ఆప్షన్ల వ్యాపారానికి మామూలు షేర్ల అనుమతి చాలదు. ఆదాయ రుజువు ఇచ్చి వేరుగా అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం మీరే చదివి సంతకం పెట్టండి. పాస్‌వర్డు మనవడి చేతిలో పెట్టవద్దు. నామినీ పేరు రాయించండి.

మూడు. ఒక్క లాట్, అది కూడా కొనడమే. కట్టిన ప్రీమియం మొత్తం పోయిందనుకునే కట్టండి. పోయినదాన్ని రాబట్టడానికి రెట్టింపు కట్టవద్దు. పేకాటలో చెడినవారిని మనం చూడలేదా?

నాలుగు. కంపెనీ షేర్ల ఆప్షన్‌ను గడువు దాకా ఉంచుకుని, లాభంలో ముగిస్తే నిజంగా షేర్లు తీసుకోవాలి. ఇందాకటి లెక్కలో పదివేలు పెట్టినవారు 5,25,000 కట్టవలసి వస్తుంది. కాబట్టి గడువు వారానికి ముందే అమ్మి బయటపడండి. నిఫ్టీ వంటి సూచీలకు ఈ చిక్కు లేదు, తేడా డబ్బు రూపంలోనే లెక్క చూస్తారు.

అయిదు. మీ దగ్గర ఎప్పటినుంచో మంచి షేర్లుండి, ధర పడుతుందేమోనని భయముంటే పుట్ కొనవచ్చు. అది పంటల బీమా వంటిది. బీమా ప్రీమియం ఖర్చు కిందే రాసుకోవాలి. ఆప్షన్లకు సరైన ఉపయోగం నా దృష్టిలో ఇదే. అయితే మీ షేర్లు ఒక లాట్‌కు సరిపోవాలి.

ఆరు. ఆదాయపు పన్ను. ఆప్షన్లలో లాభమైనా నష్టమైనా అది వ్యాపార ఆదాయం కింద లెక్క. పెన్షనర్లుగా మనం వేసే ఐ.టి.ఆర్.–1 పనికిరాదు, ఐ.టి.ఆర్.–3 వేయాలి. నా నష్టం చాలక ఆడిటరుకు ఫీజు కూడా ఇచ్చుకున్నాను.

ఏడు. ఖాయంగా లాభమని ఫోనులో సలహాలిచ్చే గుంపుల్లో చేరవద్దు. సలహాదారుకు సెబీ రిజిస్ట్రేషను ఉందో లేదో సెబీ వెబ్‌సైటులో చూడండి. దొంగ యాపులో డబ్బు వేసి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి ఊరుకుంటే డబ్బు దూరమైపోతుంది.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. డబ్బు కదిలించే ముందు ఇంట్లో ఒక నోట్ ఫైలు పెట్టండి. ఎవరి డబ్బు, ఎంత, ఎందుకు, పూర్తిగా పోతే ఏమవుతుంది అని నాలుగు వరుసలు రాసి, ఇంటావిడ చేత, ఆ డబ్బు ఎవరిదైతే వారి చేత సంతకం పెట్టించండి. సంతకం పెట్టించడానికి నోరు రాలేదంటే ఆ డబ్బు మీరు కదిలించకూడని డబ్బు. ఆ జూన్ 3న నేను ఆ నాలుగు వరుసలు రాసి ఉంటే, మొదటి వరుస దగ్గరే నా కలం ఆగిపోయేది.

నా షేర్లు అమ్మి ఒక్కసారే ఇచ్చేస్తానంటే చెల్లెలు ఒప్పుకోలేదు. "నువ్వు నెలకింత అని ఇయ్యి, నీకు గుర్తుంటాది" అంది. 2024 జూలై నుంచి నెలకు 5,000 చొప్పున పెన్షను పడిన రోజే ఆమె పేరున కొత్తగా తెరిచిన పోస్టాఫీసు ఖాతాలో వేస్తున్నాను. ఈ నెలతో 18 వాయిదాలు అయినాయి. ఇంకా ఆరున్నాయి. పెట్టిన రోజున రసీదు తీసుకుపోయి ఆమె చేతికిస్తాను. ఆమెకు చదువు రాదు. అయినా రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టెలో పెట్టుకుంటుంది.